మూడో బల్బు

మా బాజీ అన్నయ్య షాపులో బల్బు కొనాలంటే ముందు పరీక్ష పాసవ్వాలి. ఊరికే డబ్బులిచ్చి పట్టుకుపోతామంటే కుదరదు. జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో ఆయన ఎలక్ట్రికల్ షాపు, దాని గోడనానుకుని నా మ్యాచింగ్ సెంటర్. పదేళ్లుగా గోడకి ఇవతల కూర్చుని చీరలకి ఫాల్సు కుట్టుకుంటూ ఈ పరీక్షలు వింటూనే ఉన్నాను.

"తొమ్మిది వాట్లది ఒక బల్బివ్వు" అంటూ ఎవరో వస్తారు.

"ఏ గదికండీ?"

"హాల్లోకి."

"హాల్లో ఎవరు కూర్చుంటారు? కూర్చుని ఏం చేస్తారు?"

వచ్చినాయన చిల్లకల్లు ఆటో వెళ్లిపోతుందేమోనన్న కంగారులో ఉంటాడు. "ఏం చేస్తాం బాబూ, టీవీ చూస్తాం!" అంటాడు విసుక్కుంటూ.

"టీవీకి ఎదురుగోడ మీద పెట్టారనుకోండి, తెర మీద బొమ్మ బదులు బల్బే కనపడుద్ది. పక్కగోడకి పెట్టుకోండి. ఇంట్లో పెద్దవాళ్లున్నారా? బాత్రూముకెళ్లే దారిలో చిన్నది ఒకటి, కింద గోడకి, కాళ్ల దగ్గర వెలిగేట్టు పెట్టండి. నడినెత్తిన వెలిగేదానికన్నా కాళ్ల దగ్గర వెలిగేదే వాళ్లకి మేలు."

వంటగదికని ఎవరైనా వస్తే ఇంకో పాఠం. "పొయ్యి దగ్గర నిలబడితే లైటు మీకు ముందుంటదా, వెనకుంటదా? వెనకుంటే మీ నీడే కూరలో పడుద్ది. వంకాయలో పురుగుందో లేదో మీకేం తెలుస్తుంది?" పూజగదికని తెల్ల బల్బు అడిగితే అసలు ఇవ్వడు. "వద్దమ్మా, దేవుడు ఆపరేషన్ థియేటర్లో పడుకున్నట్టుంటాడు. పసుపుది పెట్టుకోండి" అంటాడు. శుక్రవారం శుక్రవారం మసీదుకెళ్లే మనిషి, ఊళ్లో సగం పూజగదుల్లో వెలుతురు ఏ రంగులో ఉండాలో ఖాయం చేసింది ఆయనే.

నాకు మాత్రం ఒళ్లు మండేది. "బేరాలు చెడగొట్టుకోడానికే షాపు పెట్టావా అన్నయ్యా?" అని గోడ ఇవతల నుంచే అరిచేదాన్ని.

"తప్పు బల్బు అమ్మితే రోజూ తిట్టుకుంటారు రోజమ్మా. అమ్మకపోతే ఒక్కరోజే తిట్టుకుంటారు" అనేవాడు. ఆయన మాటలన్నీ అంతే. ఎదురు చెప్పడానికి ఏమీ ఉండదు, ఒప్పుకోబుద్ధీ కాదు.

నా షాపులో లైటు కూడా ఆయన పెట్టిందే. అంతకుముందున్న ట్యూబులైటు కింద మెరూన్ చీరకి మెరూన్ జాకెట్టు ముక్క చక్కగా కలిసిపోయేది. కొన్నావిడ బయటికెళ్లి ఎండలో చూసుకుని, "ఇది కాఫీపొడి రంగమ్మా!" అంటూ వెనక్కొచ్చి నా మీద పడేది. రెండుసార్లు ఇలా జరిగేసరికి బాజీ అన్నయ్య పనిగట్టుకుని బెజవాడ వెళ్లి, నాలుగు షాపులు తిరిగి ఒక లైటు తెచ్చి బిగించాడు. "గుడ్డ ఎండలో ఏ రంగులో ఉంటదో లైటు కింద కూడా అదే రంగులో ఉండాలి. లేకపోతే అది వ్యాపారం కాదు, మోసం" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. తర్వాత ఆయనకే అప్పజెప్పాను, ఆ సంగతికి వస్తాను.

ఇంత నిక్కచ్చి మనిషి దగ్గర ఒక గాజుల పెట్టె ఉండేది. అందులో దూది పరిచి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు మూడు బల్బులు పడుకోబెట్టి ఉంచేవాడు. పాతకాలం తీగ బల్బులు, పాలరంగు గాజు, అరవై వాట్లవి. ఊళ్లో వాటి పేరు పెళ్లిచూపుల బల్బులు.

ఎవరింట్లోనైనా పిల్ల కాస్త రంగు తక్కువగా ఉండి, సంబంధం వాళ్లు చూడ్డానికొస్తున్నారంటే బాజీ అన్నయ్యకి కబురెళ్లేది. ఆయన మొదటి షరతు, వాళ్లని దీపాలు పెట్టే వేళకి రమ్మనాలి. ట్యూబులైటు తీసేసేవాడు. పిల్ల కూర్చునే కుర్చీకి కుడివైపొకటి, ఎడమవైపొకటి, తలకన్నా జానెడు ఎత్తులో బల్బులు కట్టేవాడు. వెనక ముదురు రంగు కర్టెన్ వేయించేవాడు. కళ్ల కింద నీడ లేకుండా, మొహం పసుపు రాసుకుని కడుక్కున్నట్టు మెరిసేది. పని అయ్యాక రూపాయి పుచ్చుకునేవాడు కాదు. ఒక లడ్డూ తిని, బల్బులు చల్లారాక దూదిలో చుట్టుకుని ఇంటికెళ్లేవాడు. ముప్పై ఒక్క సంబంధాలు కుదిరాయని చెప్పుకుంటాడు. హిందువులు, ముస్లిములు, మా సందులో ఉండే జాయిస్ వాళ్లలాంటి క్రైస్తవులు, అందరూ ఉన్నారు అందులో.

"మూడోది దేనికన్నయ్యా?" అని ఒకసారి అడిగాను.

"స్పేరు. ఇంతవరకూ దాని అవసరం పడలేదు" అన్నాడు గర్వంగా.

ఆ ముప్పై ఒక్కటిలో నాది కూడా ఉంది. నేను నలుపు. ఛామనఛాయ అని మా అమ్మ అంటుంది, నమ్మకండి. పద్నాలుగేళ్ల కిందట నందిగామ వాళ్లు నన్ను చూడ్డానికొస్తే మా అమ్మ బాజీ అన్నయ్యని పిలిచింది. రెండు బల్బులు వెలిగాయి. మా అత్తగారు సుబ్బమ్మ గారు నన్ను ఎగాదిగా చూసి, "పిల్ల కళగా ఉంది" అంది. ముహూర్తాలు పెట్టేసుకున్నారు.

పెళ్లయి అత్తారింటికెళ్లిన మర్నాడు పొద్దున్న, ఎండ పడుతున్న వరండాలో కాఫీ గ్లాసు అందించబోతే మా అత్తగారు గ్లాసు అందుకోకుండా నా మొహంలోకి చూసింది. "మీవాళ్లు ఆ రోజు లైటేదో మంచిదే పెట్టారే. సారెలో ఆ బల్బు కూడా పంపాల్సింది" అంది. చుట్టుపక్కల వాళ్లు ఫక్కున నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అక్కడితో ఆగితే బాగానే ఉండును. పుట్టింటి నుంచి పసుపు కుంకుమ వచ్చినా, అట్లతద్దికి చీర వచ్చినా, పిల్ల పుట్టినప్పుడు అరిసెలొచ్చినా ఆవిడది ఒకటే ప్రశ్న. "ఇంతకీ బల్బొచ్చిందా?" మా ఆయన దిలీప్ మంచివాడే, కాని తల్లి ముందు నోట్లో నాలుక లేదు. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చి మేం మా పుట్టిల్లున్న జగ్గయ్యపేటకే మారాక పోరు తగ్గింది గాని పోలేదు. బాజీ అన్నయ్యకి ఈ సంగతి నేనెప్పుడూ చెప్పలేదు. నాకు మేలు చేశాననుకుంటున్న మనిషికి మొహమ్మీద ఎలా చెప్పేది?

ఆయన కూతురు సల్మాకి సంబంధం వచ్చేదాకా అలాగే గడిచిపోయింది.

సల్మాకి ఇరవై నాలుగేళ్లు. తండ్రి పోలిక, తండ్రి రంగు. నందిగామలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తోంది. పొద్దున్నే బస్సెక్కి వెళ్తుంది, సాయంత్రం వచ్చి గవర్నమెంటు పోస్టుకి చదువుకుంటుంది. చిల్లకల్లు నుంచి సైఫుల్లా అనే కుర్రాడి సంబంధం వచ్చింది. రెండు లారీలున్నాయి, మర్యాదస్తులని పేరు. ఆదివారం సాయంత్రం తల్లీ, పినతల్లీ చూడ్డానికొస్తామన్నారు. బాజీ అన్నయ్య భార్య సర్దార్‌బీ నాలుగు రోజుల నుంచి ఇల్లు కడుగుతూనే ఉంది.

శనివారం దీపాల వేళకి సల్మా కొత్త డ్రెస్సు కుట్టి పట్టుకెళ్లాను. వెళ్లేసరికి ముందుగదిలో రిహార్సల్ నడుస్తోంది. సల్మా కుర్చీలో కూర్చుని ఉంది. వెనక పచ్చ కర్టెన్. అటొక బల్బు, ఇటొక బల్బు. బాజీ అన్నయ్య గుమ్మంలో నిలబడి తల ఒకసారి ఇటు వంచి, ఒకసారి అటు వంచి చూస్తున్నాడు. షాపులో ఇంత దిగులుగా నేనెప్పుడూ చూడలేదు ఆయన్ని.

"చాల్లేదు" అని తనలో తనే గొణుక్కుని, గాజుల పెట్టె తెరిచి మూడో బల్బు బయటికి తీశాడు.

సల్మా దాన్ని చూసింది. పెద్దగా అరవలేదు, కుర్చీలోంచి లేవలేదు.

"నాన్నా, రోజత్తకి ఎన్ని పెట్టావు?"

"రెండమ్మా."

"జాయిస్ అక్కకి?"

"రెండే."

"మరి నాకు మూడా?"

బాజీ అన్నయ్య చేతిలో బల్బు అలాగే ఉండిపోయింది. వంటింటి గుమ్మంలో సర్దార్‌బీ చెంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అది కాదమ్మా" అన్నాడాయన. "నీ మంచి కోసమే గదా. ముప్పై ఒక్క పెళ్లిళ్లు చేసినయ్యి ఇయ్యి. ఒక్కళ్లయినా ఇదేంటని అడిగారా? ఇదిగో రోజమ్మ ఇక్కడే ఉంది, అడుగు. రోజమ్మా, నువ్వు చెప్పు తల్లీ. నీకేం తక్కువైంది?"

ఆ మాట అనకుండా ఉంటే ఆ రోజు కూడా నేను నోరు మూసుకునేదాన్నేమో. సాక్ష్యానికి పిలిచాక అబద్ధమెలా చెప్పను? ఎదురుగా ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"తక్కువేం కాలేదన్నయ్యా. సారెలో ఒక బల్బు తక్కువైందట" అన్నాను. అని మొత్తం చెప్పేశాను. వరండా, కాఫీ గ్లాసు, కుళాయి, అట్లతద్ది, అన్నీ. పద్నాలుగేళ్లదీ ఒక్కసారే వచ్చేసింది. చివరికి కోపం కూడా వచ్చింది. "నా షాపులో జాకెట్టు ముక్క రంగు మారితే మోసమన్నావు. పిల్ల రంగు మార్చొచ్చా?"

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదమ్మా?" అని మాత్రం అడిగాడు.

తర్వాత లేచి బల్బులు విప్పాడు. ఇంకా చల్లారలేదు, వేళ్లు చుర్రుమన్నా పట్టించుకోలేదు. కర్టెన్ లాగేశాడు. ఫోను తీసి చిల్లకల్లు వాళ్లకి కలిపాడు. "రేపు సాయంత్రం వద్దండి, పొద్దున పదింటికి రండి. ఆఁ, పొద్దున్నే. మా గదిలోకి ఎండ బాగా వస్తది" అన్నాడు.

సర్దార్‌బీ తల పట్టుకుంది. "సాయంత్రానికి బిర్యానీ అనుకున్నా గదయ్యా! పొద్దున పదింటికి ఎవరు తింటారు?"

"ఉప్మా చెయ్యి."

"పెళ్లిచూపులకి ఉప్మానా!"

"జీడిపప్పెయ్యి" అన్నాడు. అంత బాధలో కూడా నాకూ సల్మాకీ నవ్వొచ్చింది.

ఆదివారం పొద్దున చిల్లకల్లు వాళ్లొచ్చారు. తలుపులు, కిటికీలు బార్లా తీసి ఉన్నాయి. సల్మా పౌడరైనా రాసుకోకుండా వచ్చి ఎండలో కూర్చుంది. వాళ్లు ఉద్యోగం గురించి అడిగారు, చెప్పింది. వంట వచ్చా అన్నారు, ఉప్మా మాత్రం నేను చెయ్యలేదండి అంది. మర్యాదగానే మాట్లాడారు, టీ తాగారు, వెళ్లారు. మంగళవారం ఫోనొచ్చింది. అబ్బాయి ఇంకాస్త రంగున్న పిల్ల కావాలంటున్నాడట.

సర్దార్‌బీ భోరుమంది. "సాయంత్రం రమ్మని ఉంటే ఈపాటికి అయిపోయేదిగా!"

"అయ్యేదే. ఆ తర్వాత పొద్దున కూడా తెల్లారేదిగా" అన్నాడు బాజీ అన్నయ్య. "మన పిల్లని రోజూ బల్బు తెమ్మనేవాళ్లు."

సల్మాని పక్కకి పిలిచి ఎలా ఉందని అడిగాను. "బాధ లేదంటే అబద్ధం అత్తా. ఉంది. కాని నన్ను చూసే వద్దన్నారు. బల్బుని చూసి సరేనన్లేదు" అంది. కళ్లు తుడుచుకుని బస్సుకెళ్లింది.

ఆ సాయంత్రం ఆయన కూతుర్ని ఊళ్లో అందర్నీ అడిగే ప్రశ్నే అడిగాడట. "నువ్వెక్కడ కూర్చుంటావమ్మా? ఏం చేస్తావు?" దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు పెద్దలు. ఆ పిల్ల మూడేళ్ల నుంచి వంటింటి గట్టు మీద, ఎవరో కొనుక్కెళ్లి మసకగా ఉందని వాపసిచ్చిన బల్బు కింద చదువుకుంటోంది. మర్నాడు కిటికీ పక్కన బల్ల వేశాడు. కుడిచేత్తో రాస్తుంది కాబట్టి నీడ పడకుండా ఎడమవైపు లైటు బిగించాడు. పెళ్లిచూపుల బల్బులు మూడూ సర్దార్‌బీ పట్టుకుపోయి కోడిపిల్లల గంప మీద వేలాడేసింది. ముసురు రోజులు కదా, వాటికి వెచ్చగా ఉంటే చాలు.

వారం తిరక్కుండానే ఎవరో తల్లి ఆ బల్బుల కోసం షాపుకొచ్చింది. "లేవమ్మా" అన్నాడు. "మళ్లీ ఎప్పుడొస్తాయండీ?" అంటే, "రావు. పొద్దున్నే రమ్మనండి వాళ్లని" అన్నాడు. ఆవిడ నానా మాటలూ అని వెళ్లింది. ఒక్కరోజు తిట్టేలే అని గోడ ఇవతల నేను నవ్వుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం నేనూ దిలీపూ నందిగామ వెళ్తుంటే బస్టాండులో బాజీ అన్నయ్య ప్రత్యక్షమయ్యాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద సంచీ. "నేనూ వస్తున్నా" అన్నాడు. ఎందుకని అడిగితే చెప్పలేదు. దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

మా అత్తగారు వరండాలో పీట మీద కూర్చుని గుడికి వత్తులు చేస్తోంది. "ఎవరీయన?" అంది కళ్లజోడు సర్దుకుంటూ.

"మా అన్నయ్య" అన్నాను.

ఆయన సంచీలోంచి ఇత్తడి పళ్లెం తీశాడు. పసుపు, కుంకుమ, అరటిపళ్లు, ఆకుపచ్చ చీర, సర్దార్‌బీ చేసిన అరిసెలు ఒక్కొక్కటే పేర్చాడు. ఆఖర్న మధ్యలో ఒక కొత్త బల్బు పెట్టె పెట్టాడు. పళ్లెం రెండు చేతులా పట్టుకుని మా అత్తగారి ముందు నిలబడ్డాడు.

"అమ్మా, నేను జగ్గయ్యపేటలో బల్బులమ్ముకునేవాణ్ణి. పద్నాలుగేళ్ల కిందట మీరడిగిన సారె ఇది. ఆలస్యమైంది, ఏమనుకోకండి."

మా అత్తగారి మొహం పాలిపోయింది. నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది. "ఏదో సరదాకి అన్నమాట బాబూ..."

"సరదాకే లెండి. కాని ఆ రోజు మీ కళ్లకి గంతలు కట్టింది నేనండి, ఈ పిల్ల కాదు. ఆ లైటు నేను పెట్టా. తిట్టాలంటే నన్ను తిట్టండి, నిలబడి వింటా. ఇంక రోజమ్మని అడగొద్దు."

దిలీప్ నేల చూపులు చూస్తూ, "నేను చెప్పాల్సిన మాటమ్మా అది" అన్నాడు. నా పెళ్లయ్యాక తల్లి ముందు ఆ మనిషి అంత మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ ఏం అనేదో తెలీదు. బాజీ అన్నయ్య అననిస్తేగా. పళ్లెం నా చేతికిచ్చి, బల్బు పెట్టె తీసి, పైకప్పు వైపు చూస్తూ షాపులో ఉన్నట్టే మొదలెట్టాడు. "ఇప్పుడు చెప్పండమ్మా. మీరు రోజూ ఎక్కడ కూర్చుంటారు? ఏం చేస్తారు?"

"ఇక్కడే" అంది ఆవిడ, అనుకోకుండా జవాబు చెప్పేసినట్టు. "వత్తులు చేస్తా. ఎండ పోయిందంటే దూదే కనపడి చావదు."

"తెల్ల దూది, తెల్ల నేల. ఎట్ట కనపడుద్ది? కింద ముదురు గుడ్డ పరుచుకోవాలి" అని, పీట జరిపించి, ఆవిడ భుజం మీదుగా వెలుతురు పడేటట్టు సంచీలోంచి తీసిన హోల్డరు గోడకి బిగించాడు. నా సంచీలో ఎవరికోసమో తెచ్చిన నీలం జాకెట్టు ముక్క ఉంటే తీసి ఆవిడ ముందు పరిచాను. ఆకాశం మబ్బుపట్టి ఉంది. స్విచ్చి వేశాడు.

మా అత్తగారు ఒక వత్తి చేసింది. పైకెత్తి చూసుకుంది. గుడ్డ ముడతలు సరిచేస్తున్న నా చెయ్యి ఆ వెలుతురులో ఆవిడ ముందే ఉంది. దాన్ని పట్టుకుని తిప్పి చూసింది. వేళ్ల చివర్ల నిండా చిన్న చిన్న మచ్చలు.

"ఇవేంటే?"

"సూది గుచ్చుకున్నవి అత్తయ్యా."

"ఎప్పటి నుంచి?"

"పదేళ్ల నుంచి."

ఒక్కో వేలూ పట్టుకుని చూసింది. "నేను చూళ్లేదే" అంది, నెమ్మదిగా.

నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి కుళాయి తిప్పుకోడానికి లేచి వెళ్లలేదు.